పొలంగట్టున పాత ఇనుము



జమ్మలమడుగు నుంచి కోయిలకుంట్ల వైపో, డోన్ నుంచి బేతంచెర్ల వైపో ఎండాకాలంలో బస్సులో పోయేటప్పుడు ఒకసారి కిటికీలోంచి బయటికి చూడండి. నల్లరేగడి చేలు, నాపరాతి గోడలు, మధ్య మధ్య ఒక వేపచెట్టు. ఆ చెట్టు కింద ఎండిపోయిన బావి. ఆ బావి గట్టున తుప్పుపట్టిన ఇనుము ఏదో ఒకటి పడి వుంటుంది. ఒకచోట పెద్ద చక్రం, ఒకచోట పగిలిన గొట్టం, ఒకచోట పిడి ఊడిపోయిన చేతిపంపు. మనం చూసీ చూడనట్టు పోతాం. పాత ఇనుప సామాన్ల వాడు మాత్రం చూడనట్టు పోడు!

అటువంటి ఒక బావి దగ్గర నేను నిలబడి వుండగా, మేకలు తోలుకొస్తున్న ఒక అవ్వ ఆగింది. "ఏం చూస్తాండావమ్మా? అది ఆయిలు మిషను. దొరలు చమురు కోసం తవ్వినారంట. నీళ్లు పడినాయి గానీ చమురు పడలే" అని నవ్వింది. నిజంగానే మన సీమలో చమురు కోసం తవ్విన పాత సరంజామా దొరికిందేమో అని నాకూ ఆశ పుట్టింది. ఆ గట్టున మూడు వస్తువులు వున్నాయి. పెద్ద చక్రమున్న ఒక యంత్రం. అంచు అరిగిపోయిన జానెడు వెడల్పు ఇనుప గొట్టం. దాని పక్కనే అప్పడాల కర్రలా నున్నగా, గుండ్రంగా వున్న ఒక నల్లరాయి.

బోర్ల పనిలోనే జీవితం గడిపిన ఒక పెద్ద మేస్త్రీని అడిగితే అసలు సంగతి తేలింది. అది చమురు తీసిన యంత్రం కాదు, చమురు తాగిన యంత్రం. మొదట కిరసనాయిలుతో, తర్వాత డీజిలుతో నడిచినవి కాబట్టి వాటికి ఆయిలింజన్లు అని పేరు. ఆ పేరు నానినాని, రెండు తరాలు గడిచేసరికి ‘చమురు కోసం తవ్విన మిషను’ అయి కూర్చుంది. ఆ గొట్టం మాత్రం తవ్విందే. అది తవ్వింది నీళ్ల కోసం.

అయితే అవ్వ మాటను పూర్తిగా కొట్టిపారేయడానికి లేదు. నేలలో సన్నని రంధ్రం వేసి లోపలున్నదాన్ని పైకి తెచ్చే విద్య చమురుకూ నీటికీ ఒక్కటే. ఇంకా వింత ఏమిటంటే, ఈ విద్య ముందు పుట్టింది నీటి కోసమే, అందులోనూ ఉప్పునీటి కోసం. చైనాలో జిగాంగ్ అనే ఊళ్లో ఉప్పు పండించడానికి వెదురు, ఇనుప ఉలి, తాడు వాడి బావులు వేసేవారు. బరువైన ఉలిని తాడుతో ఎత్తి ఎత్తి వదలడం, రాయిని పొడి చేయడం, పొడిని తోడెయ్యడం, అంతే పని. అలా 1835లో అక్కడ ఒక బావి వెయ్యి మీటర్ల లోతు దాటింది. అమెరికాలో 1859లో డ్రేక్ అనే ఆయన పెన్సిల్వేనియాలో తొలి చమురు బావుల్లో పేరుపొందిన బావిని తవ్వించినప్పుడు, పనికి పెట్టుకొన్నది ఉప్పునీటి బావులు తవ్వడం తెలిసిన ఒక కమ్మరినే. 70 అడుగులు కూడా నిండకుండానే అక్కడ చమురు పడింది. మన దేశంలో అస్సాంలోని డిగ్బోయిలో 1889లో చమురు బావి తవ్వకం మొదలై, 1901లో శుద్ధి కర్మాగారం వెలిసింది. నీటి కోసం పుట్టిన విద్య ఇలా చమురు ఇంటికి కోడలుగా వెళ్లి, అక్కడ కండ బలిసి, మళ్లీ పుట్టింటికి వచ్చింది. అవ్వ గట్టున పడివున్న గొట్టం ఆ కుటుంబంలోదే.

చమురుతో మన జిల్లాలకు ఇంకో చుట్టరికం కూడా వుంది. అది మీ వాకిట్లోనే వుంది. పాత కడప జిల్లాలో ఓబులవారిపల్లె దగ్గర మంగంపేట వుంది కదా, అక్కడి ముగ్గురాయి మీకు తెలిసిందే. చేతికి తీసుకొంటే చూపుకు మించి బరువుగా వుంటుంది. నీటికంటే 4 రెట్లకు పైగా బరువు. చదువుకొన్నవాళ్లు దీన్ని బెరైటీస్ అంటారు. చమురు బావి తవ్వేటప్పుడు లోపలి వాయువు ఒక్కసారిగా ఎగదన్నకుండా, ఈ రాతిపొడిని బురదలో కలిపి బావిలోకి పంపుతారు. ఆ బరువుకు కిందిది కిందనే అణిగి వుంటుంది. ప్రపంచంలోని పెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో మంగంపేటది ఒకటి. కాబట్టి ఎక్కడో ఎడారిలో, సముద్రంలో తవ్వే చమురు బావుల గొంతులో మన ముగ్గురాయి కూచుని వుందన్నమాట. చమురు బావులకు బరువు పంపిన నేల, తన బావులకు మాత్రం నీళ్లు వెతుక్కొంటూనే వుంది.

ఆ వెతుకులాటే నేను చెప్పదలచుకొన్న కథ. మన పొలంగట్టున పడివున్న ప్రతి పాత ఇనుమూ ఒక లోతును చెబుతుంది. ఆ రోజుల్లో నీళ్లు ఎన్ని అడుగుల కింద వున్నాయో చెప్పే కొలబద్ద అది.

ముందు కపిల కాలం. రెండు రాతిస్తంభాలు, వాటి మధ్య గిలక, తోలు తొండమున్న బాన, మోకు, ఏటవాలు బాటలో కిందికి నడిచే ఎద్దులు. ఎద్దులు బాట చివరికి చేరేసరికి బాన పైకి వచ్చి కాలువలో నీళ్లు కుమ్మరించేది. ఆ బావులు ముప్పై నలభై అడుగుల లోతు. అంతకంటే లోతైతే ఎద్దులు నడవాల్సిన బాట పెరుగుతుంది, మోకు పెరుగుతుంది, ఎద్దుల మెడ పుండు పడుతుంది. అంటే ఎద్దు ఓపికే ఆ రోజుల్లో బావి లోతుకు హద్దు. ఇప్పటికీ చాలా ఊళ్లలో ఆ జంట స్తంభాలు నిలబడే వున్నాయి. బట్టలారేసుకొనే తీగలు కట్టుకొంటున్నారు.

ఈ బావులను 1876–78 నాటి పెద్ద కరువు పరీక్షకు పెట్టింది. దాన్నే మనవాళ్లు ధాత కరువంటారు. 1871, 1881 జనాభా లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే, కర్నూలు జిల్లా జనం దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు. సుంకేసుల దగ్గర మొదలయ్యే కర్నూలు–కడప కాలువ అప్పటికే వుంది. ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్విన ఆ కాలువను 1882లో ప్రభుత్వం కొనుక్కొంది. కానీ కాలువ పారేది దాని గట్టునున్న ఊళ్లకే. మిగిలిన ఊళ్లకు బావే దిక్కు. అందుకే 1883లో భూమి బాగుచేసుకోవడానికి అప్పులిచ్చే చట్టం వచ్చింది. తక్కావి అప్పు అని మన పెద్దలు చెప్పుకొనేది అదే. బావికీ అప్పుకీ ముడి పడింది ఆనాడే కాబోలు.

ఇక ఆయిలింజను కాలం. ఇంగ్లండులో గ్రాంథం అనే ఊళ్లో 1892 నుంచి హార్న్స్‌బీ–అక్రాయిడ్ అనే చమురు ఇంజన్లు తయారయ్యాయి. వాటిని మొదలుపెట్టడం ఒక తతంగం. దీపంతో ఇంజను బుర్రను కాసేపు కాల్చాలి. అది ఎర్రగా కాగిన తర్వాత చక్రం తిప్పితే ‘టుక్ టుక్’మని అందుకొంటుంది. మద్రాసు ఇంజనీరింగు కాలేజీలో ఆచార్యులుగా వున్న ఆల్ఫ్రెడ్ చాటర్టన్ ఇరవయ్యో శతాబ్దం మొదటి ఏళ్లలో, ఎద్దుల బదులు ఇటువంటి ఇంజన్లతో బావి నీళ్లు తోడవచ్చని ప్రయోగాలు చేసి చూపించారు. బావుల్లో బోర్లు వేయించడాన్నీ ప్రోత్సహించారు. స్వాతంత్ర్యం వచ్చే ముందు ఏడాది, 1946లో, పూనాలో కిర్లోస్కర్ ఆయిలింజన్ల కంపెనీ మొదలైంది. ఆ తర్వాతి ఏళ్లలో డీజిలింజను పల్లెటూరి వస్తువైంది. కపిల తోలే పాట ఆగి, టుక్‌టుక్ మొదలైంది.

ఇక్కడ ఒక చిన్న శాస్త్ర విషయం చెప్పాలి. ఇది తెలియకపోతే బావిలోని మెట్టు కథ అర్థం కాదు. పంపు నీటిని పీల్చుకొంటుంది అంటాం. నిజానికి పంపు గొట్టంలో గాలి తీసేస్తే, బయటి గాలి బరువే నీటిని పైకి నెడుతుంది. ఆ గాలి బరువు ఎంత గింజుకొన్నా నీటిని 34 అడుగులకు మించి ఎత్తలేదు. వాడుకలో పాతిక అడుగులు లేస్తే గొప్ప. కాబట్టి నీళ్లు పాతిక అడుగుల కంటే కిందికి దిగితే, గట్టుమీది పంపు ఎంత అరిచినా చుక్క రాదు. అప్పుడేం చేశారు? బావి గోడకు అరుగు కట్టి, ఇంజనునూ పంపునూ ఆ అరుగు మీదికి దించారు. నీళ్లు ఇంకా తగ్గితే ఇంకో అరుగు కొట్టారు. మీ ఊరి పాత బావిలోకి తొంగి చూడండి. గోడకు ఒకటి, దాని కింద ఒకటి, రెండు మూడు అరుగులు కనిపిస్తాయి. ఒక్కొక్క అరుగు ఒక్కొక్క కరువు గుర్తు.

ఇంజను లోపలికి దిగే కొద్దీ పొగ బావిలోనే నిలిచేది. ఆ పొగలో వాసన తెలియని విషవాయువు వుంటుంది. ఇంజను ఆపడానికో బాగుచేయడానికో దిగిన మనిషి పైకి రాకపోవడం, వాణ్ణి తేవడానికి దిగిన తమ్ముడు కూడా రాకపోవడం మన పల్లెల్లో జరిగింది. ఆ అవ్వ చేత్తో బావి కింది అరుగు చూపించి, "ఆడనే మా మరిది పోయింది" అని మాత్రం అంది. నేను అంతకు మించి అడగలేదు.

కరెంటు వచ్చాక పొగ బాధ తప్పింది. కానీ బావి అడుగు ఎండిపోతే మోటారు ఏం చేస్తుంది? అప్పుడు వచ్చింది బావిలో బోరు. ఇక్కడే మన నున్నని నల్లరాయి మళ్లీ వస్తుంది. బావి అడుగున మిషను నిలబెట్టి, వెడల్పు గొట్టాన్ని గిరగిరా తిప్పుతూ, దాని అంచు కింద గట్టి ఉక్కు గుళ్లు పోసి, నీళ్లు పంపేవారు. గొట్టం బరువుకు గుళ్లు రాయిని గుండ్రంగా అరగదీస్తాయి. చుట్టూ అరిగిపోగా మధ్యన మిగిలిన రాయి, జంతికల గొట్టంలో పిండి నిలిచినట్టు, గొట్టంలో నిలుస్తుంది. దాన్ని విరిచి బయటికి తీస్తారు. పందొమ్మిదో శతాబ్దం చివర ఆస్ట్రేలియాలో పుట్టిన ఈ పద్ధతికి కాలిక్స్ అని పేరు. కాలిక్స్ అంటే పువ్వు కింద వుండే ఆకుపచ్చని దొన్నె. రాతిపొడిని పట్టుకోవడానికి గొట్టం పైన అటువంటి దొన్నె వుంటుంది గనుక ఆ పేరు. రోజుకు కొన్ని అడుగులు దిగితే మహాభాగ్యం. ఇంటిల్లిపాదీ మేస్త్రీలకు అన్నం వండి బావి దగ్గరికి మోసుకెళ్లాలి. ఆ నల్లరాళ్లే కొన్ని ఇళ్లలో తలుపు ఆపడానికీ, చింతపండు కొట్టడానికీ వాడుతున్నారు. మీ ఇంట్లో అలాంటిది వుంటే తీసి చూడండి. అది మీ పొలం కింద వున్న నేల ముక్క.

తర్వాత వచ్చింది గాలితో తవ్వే రిగ్గు. 1966–67లో బీహారులో కరువు పడినప్పుడు, ఐక్యరాజ్యసమితి బాలల సంస్థ యూనిసెఫ్ విమానాల్లో ఈ రిగ్గులు తెప్పించింది. ఇందులో సుత్తే రంధ్రం అడుగుకు పోతుంది. పైనుంచి వచ్చే గాలి ఒత్తిడికి అది రాతిని కొడుతుంది. అదే గాలి పొడిని పైకి ఊదేస్తుంది. వారాల పని ఒకటి రెండు రోజుల్లో తేలిపోయింది. గట్టిరాతి దేశమైన మన దక్షిణాదికి ఇది వరమే అయింది. ఊరూరా తాగునీటి బోరు, దానిమీద చేతిపంపు వచ్చాయి. మొదటి పోతయినుము పంపులు తరచు విరిగిపోతూ వుంటే, మహారాష్ట్రలోని షోలాపూర్ పంపు నమూనాను మెరుగుపరిచి, 1970ల చివరికి ఇండియా మార్క్–2 అనే ఉక్కు పంపును తయారుచేశారు. బావిలో దిగి చెలమ నీళ్లు ముంతతో తోడుకొన్న ఆడవాళ్లకు, నిలబడి నీళ్లు పట్టుకోవడమంటే ఏమిటో ఆ పంపు చెప్పింది. నూరూ నూటయాభై అడుగుల నుంచి నీళ్లు తెచ్చిన పంపు అది. ఇప్పుడు దాని పిడి పోయి, మెడ మిగిలి, కొన్ని ఊళ్లలో మేకలు కట్టేసుకొనే గుంజ అయింది. పంపు చెడిపోలేదు సుమా. నీళ్లే దాని చేతికి అందకుండా పోయాయి.

ఎందుకు పోయాయంటారా? అదే రిగ్గు పొలానికీ వచ్చింది గనుక. తాగునీటి కోసం వచ్చిన మిషను సాగునీటికి తిరిగింది. తమిళనాడులోని తిరుచెంగోడు బండ్లు మన రోడ్లమీద రాత్రింబవళ్లు తిరిగాయి. బోరులో మునిగి వుండే మోటార్లు వచ్చాయి. వాటికి పాతిక అడుగుల హద్దు లేదు. అవి పీల్చవు, కిందినుంచి నెడతాయి. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. ఎద్దు ఓపిక, గాలి బరువు, డీజిలు ఖర్చు, ఇవన్నీ ఒకప్పుడు లోతుకు పగ్గాలు. ఆ పగ్గాలు ఒకటొకటిగా తెగిపోయాయి. మిగిలిన పగ్గం ఒక్కటే, రైతు చేతిలోని డబ్బు. అది చాలక మన మెడలోని బంగారం. మూడు వందల అడుగులు, ఆరు వందల అడుగులు, కొన్నిచోట్ల వెయ్యి అడుగులు దాటినా దుమ్మే లేచింది.

మన నేల స్వభావం కూడా అలాంటిది. కర్నూలు, కడప జిల్లాల్లో సున్నపురాయి, పలకరాయి, గట్టి ఇసుకరాయి పొరలు పొరలుగా వున్నాయి. భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ 1872లో వీటిమీద పెద్ద గ్రంథమే ప్రచురించారు. ఆ రాళ్లకు ప్రపంచ శాస్త్రంలో కడప, కర్నూలు పేర్లే వున్నాయి. సున్నపురాతిలో నీళ్లు స్పంజిలో వున్నట్టు అంతటా వుండవు. పగుళ్లలో, గుహల్లో వుంటాయి. బెలుం గుహలకు వెళ్లి పాతాళగంగ చూసినవాళ్లకు ఈ మాట సులువుగా బోధపడుతుంది. రాతి కడుపులో ఎక్కడో సన్నగా నీరు పారుతుంది. బోరు ఆ సందుకు తగిలితే పంట, జానెడు పక్కకు పడితే దుమ్ము. అందుకే కొబ్బరికాయ పట్టుకొనేవాళ్లు, వేపపుల్ల పట్టుకొనేవాళ్లు మన దగ్గర ఇంత గిరాకీగా బతికారు. తప్పు మన నమ్మకానిది మాత్రమే కాదు, నేల అంత గుట్టుగా వుంటుంది.

ఇదంతా తెలుసుకొని ఏం చేయాలి అంటారేమో. మన చేతిలో వున్నవి మూడు పనులు చెబుతాను.

మొదటిది, ప్రాణానికి సంబంధించింది. నీళ్లు పడని బోరును అలాగే వదిలెయ్యకండి. నోరు తెరిచిన బోరు పసిపిల్లలకు యమగండం. విడిచిపెట్టిన బోర్లను మట్టితో, రాళ్లతో అడుగునుంచి నేలమట్టం దాకా పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లో నిబంధనలిచ్చింది. గోనెపట్టా కప్పి, మీద రాయి పెట్టడం మూత కాదు. మీ మగవాళ్లు రేపు చేద్దామంటే ఊరుకోకండి. రిగ్గు బండి వెళ్లిన రోజే పూడ్పించండి.

రెండవది, కొత్త బోరు మాట ఇంట్లో వచ్చినప్పుడు, "ఎన్ని అడుగులు?" అని మీరు ముందే అడగండి. ఫలానా అడుగుల దాకా, దుమ్మే అయితే ఆపెయ్యాలి అని ఒక గీత గీసుకోండి. రిగ్గు నడుస్తూ వుంటే, ఇంకో యాభై అడుగులు, ఇంకో యాభై అనిపిస్తుంది. జూదంలో చెయ్యి లేవనట్టే అక్కడా లేవదు. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం బోరుకు అనుమతి కావాలి. ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల వేయకూడదు. ఈ నియమం మనకు విరుద్ధమైనదని అనుకోకండి. అది మన బిందె కోసం పెట్టిన నియమం.

మూడవది చిన్న పని. మీ ఇంటి పెద్దవాళ్లను కూచోబెట్టి అడగండి. కపిల కాలంలో మోకు ఎన్ని బారలు? ఇంజను ఏ అరుగు మీద వుండేది? చేతిపంపుకు ఎన్ని గొట్టాలు దించారు? ఏ ఏడాది ఎన్ని అడుగులు అన్నది ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి. పాత ఇనుప సామాన్ల వాడు వచ్చి ఆ చక్రాన్ని, ఆ గొట్టాన్ని కిలోల లెక్కన తూచుకుపోతే పోనివ్వండి, ఇంటికి నాలుగు రూకలు వస్తాయి. ఆ ఇనుము చెప్పే లెక్క మాత్రం పోనివ్వకండి. ఊరి నీళ్లు ఎంత వేగంగా దిగిపోయాయో చెప్పడానికి మీ పిల్లలకు అంతకంటే మంచి పాఠం దొరకదు.

ఆ రోజు నేను బయలుదేరుతుంటే అవ్వ ఆ నల్లరాయిని కాలితో దొర్లించి, "తీసుకపోమ్మా, నీకు పనికొచ్చేటట్టుంది" అంది. "నీకొద్దా అవ్వా?" అన్నాను. "మా మామ దీనికోసం నా కడియాలు అమ్మినాడు. నీళ్లు రెండేండ్లు వచ్చినాయి. రాయి మాత్రం ఆడనే వుండాది" అంది.

నేను రాయిని అక్కడే వుంచి వచ్చాను. దాని వెల కట్టింది ఆ అవ్వ. అది ఆమె గట్టునే వుండాలి.